మేము వెళ్లేసరికి సముద్రం లేదు: అల్ రువైస్‌లో అన్నతో ఒక శుక్రవారం

ఖతార్‌కు మూడు వైపులా సముద్రమే. అయినా పదకొండేళ్లు ఇక్కడ పనిచేసిన మా అన్న ఒక్కసారి కూడా అందులో కాలు పెట్టలేదంటే నేను మొదట నమ్మలేదు. ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు వచ్చాయని, ఇక ఇంటికి వెళ్లిపోతున్నానని రాజధానిలోని నజ్మా పేటలో మేము కలిసే చాయ్ హోటల్లో చెప్పిన రోజే ఈ సంగతి కూడా బయటపెట్టాడు. "సముద్రం రోజు జూసుడే చెల్లె. రెండేండ్లు దాని పక్కనే టవర్ పని. పైకెక్కితే నీలంగ కనవడుతది. కిందికి దిగితే కంచె, ఇగ బస్సు, క్యాంపు. పోయేలోపట ఒక్కసారి అండ్ల మునగాలని ఉన్నది," అన్నాడు. అడగక అడగక అడిగాడు. ఆ ఒక్క కోరిక తీర్చకపోతే నేను చెల్లెలినెందుకు?

మా అన్న పేరు లింబాద్రి. మాది నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరు. అన్న స్టీల్ ఫిక్సర్, అంటే కాంక్రీటు పోయకముందు ఇనుప కడ్డీలు వంచి కట్టే పని. వరల్డ్ కప్ కోసం కట్టిన స్టేడియాల్లో ఒకదానికి మూడేళ్లు పనిచేశాడు. ఆటలకు ఇంకా ఏడాది ఉండగానే ఆ పని పూర్తయింది, కంపెనీ మనుషుల్ని తగ్గిస్తోంది. అన్న కూడా ఇక చాలనుకున్నాడు. మంగళవారం ఫ్లైట్. నేను నజ్మాలోనే ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తాను, నలుగురు అమ్మాయిలతో కలిసి ఒక గదిలో ఉంటాను. వచ్చి రెండేళ్లయింది. అన్న క్యాంపు రాజధానికి దక్షిణాన బిర్కత్ అల్ అవామిర్‌లో ఉంది. అక్కడికి నేను వెళ్లడానికి లేదు, మా గదికి అన్న రావడానికి లేదు. అందుకని ఈ రెండేళ్లూ మేము అన్నాచెల్లెళ్లుగా బతికిందంతా శుక్రవారాలు ఆ చాయ్ హోటల్లోనే. అది కూడా, బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుందా అని నెత్తిమీద నిలబడి చూసేవాళ్ల మధ్య.

"శుక్రవారం సెలవే గదా, ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న బీచ్‌కు పోలేదా?" అని అడిగాను. "మొగోళ్లం ఒంటిగ పోతే కొన్ని జాగలల్ల రానియ్యరే. శుక్రవారం ఫ్యామిలీలకే అంటరు," అన్నాడు. నాకు రోషం వచ్చింది. "మరి నేనెవరు? నేను పక్కన ఉంటే నువ్వు ఫ్యామిలీ కాదా?" అన్నాను. అన్న ఒక్క క్షణం చాయ్ గ్లాసు పట్టుకుని నన్నే చూశాడు, తర్వాత నవ్వాడు. క్యాంపుకు దగ్గర కదా, అల్ వక్రా వైపు పోదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. క్లినిక్‌లో ఎవరో అల్ రువైస్ ఫొటోలు చూపించారు. దేశానికి ఉత్తరం కొసన ఉన్న చిన్న చేపల రేవు, జనం లేని ఒడ్డు, గాజులాంటి నీళ్లు. పోతే అక్కడికే పోవాలని పట్టుపట్టాను. అన్నకు ఇక్కడ మిగిలిన శుక్రవారం అదొక్కటే.

నవంబరు నెల, ఎండ మెత్తబడ్డ రోజులు. పొద్దున్నే కంపెనీ బండిలో అన్న నజ్మాకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పౌడరు రాసిన మొహం, కాళ్లకు మాత్రం సేఫ్టీ బూట్లు. "సముద్రానికి గివేం బూట్లన్నా?" అంటే, "గివే నాకున్న మంచి బూట్లు," అన్నాడు. బస్టాండు నడిచి వెళ్లేంత దూరమే. బస్సు కార్డు ముందురోజే రీచార్జ్ చేయించుకోవడం మంచిది, శుక్రవారం పొద్దున కౌంటరు దగ్గర ఎవరూ ఉండకపోవచ్చు. మనిషికి పది రియాల్ లోపే అయింది. కరోనా నిబంధనలు ఇంకా ఉన్నాయి కాబట్టి మాస్కు పెట్టుకుని, ఫోన్‌లో ఆకుపచ్చ గుర్తు చూపించి ఎక్కాము.

ఉత్తరానికి వెళ్లే రోడ్డు నున్నగా, తిన్నగా ఉంటుంది. రెండు గంటలకు పైనే పడుతుంది. ఊరు దాటేదాకా ఎటు చూసినా క్రేన్లు, తవ్విన రోడ్లు, ఫుట్‌బాల్ బొమ్మలు. కిటికీ పక్క సీటు నాకిచ్చి అన్న నా మీదుగా బయటికి చూస్తూ కూర్చున్నాడు. అందరూ ఎడారిని చూస్తుంటే మా అన్న వంతెనల స్తంభాలు చూస్తాడు. ప్రతి దానికీ ఒక మాట. ఒకదాని దగ్గర పెదవి విరిచి, "గిది తొందరల కట్టిండ్రు," అన్నాడు. "నీకెట్ల తెలుసన్నా, కడ్డీలు లోపలున్నయి గదా?" అంటే, "గదే నా బాధ. నేను చేసిన పనంత కాంక్రీట్ల కప్పిండ్రు. రేపు ప్రపంచమంత వచ్చి కుర్చీలు జూస్తది, కడ్డీ ఎవ్వడు జూస్తడు?" అన్నాడు. బాధ అన్నాడే గాని, మొహం మాత్రం నవ్వుతూనే ఉంది.

బస్సు దిగి ఒడ్డువైపు ఓ పావుగంట నడిచాము. ఖర్జూరపు కమ్మల నీడలు, తెల్లటి మసీదు, గోడల మీద ఆరేసిన వలలు. ఒడ్డు పక్కన ఒక చిన్న పార్కు. గేటు దగ్గర వాచ్‌మన్ అన్నను పైనుంచి కిందికి చూసి, "ఫ్యామిలీ?" అని అడిగాడు. అన్న చొక్కా సర్దుకుని, నా సంచి తన చేతిలోకి తీసుకుని, పరీక్షలో జవాబు చెప్పినంత గట్టిగా "ఫ్యామిలీ!" అన్నాడు. లోపలికి వచ్చాక కూడా ఆ మాటను నోట్లోనే ఒకటి రెండుసార్లు అనుకోవడం విన్నాను. పార్కు దాటి ఒడ్డు మీదికి వచ్చాము. అక్కడ సముద్రం లేదు.

నిజంగానే లేదు. కంటికి అందినంత దూరం తడి బురద. అక్కడక్కడ చిన్న గుంటల్లో మోకాలు కూడా తడవనన్ని నీళ్లు. పడవలు ఎవరో తోసేసినట్టు నేల మీద పక్కకు ఒరిగి ఉన్నాయి. ఎక్కడో ఆకాశం అంచున ఒక వెండి గీత మెరుస్తోంది. అదే సముద్రమనుకోవాలి. నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. అన్న నడుం మీద చేతులు పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసదాకా చూశాడు. సైటు మనిషి కదా, అన్నకు ముందు తోచింది వేరే. ఇక్కడ పునాది తవ్వితే చాలు ఉప్పునీళ్లు ఊరతాయి, పంపులు పెట్టి రాత్రింబగళ్లు తోడాలి, దాన్ని డీవాటరింగ్ అంటారు. "వరల్డ్ కప్ పనికి నీళ్లు తోడిండ్రా ఏందే? గింత పెద్ద డీవాటరింగ్ నేనెన్నడు జూడలె," అంటూ పంపులూ పైపులూ ఎక్కడున్నాయా అని వెతకడం మొదలుపెట్టాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆటుపోట్లు అనే మాట నేను చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది నిజంగా జరుగుతుందని, నేను అన్నను తీసుకొచ్చిన రోజే జరుగుతుందని మాత్రం అనుకోలేదు. చెరువులో నీళ్లు తగ్గాలంటే ఎండాకాలం రావాలి. మాకు తెలిసిన లెక్క అదే.

రేవు దగ్గర ఒక చిన్న కఫ్తీరియా కనబడితే అటు నడిచాము. వంట చేస్తున్నది బంగ్లాదేశ్ మనిషి. అన్న నాలుగు భాషలు కలిపి మాట్లాడతాడని నాకు అప్పుడే తెలిసింది. "భయ్యా, సముందర్ కబ్ ఆయేగా?" అని బస్సు గురించి అడిగినట్టే అడిగాడు. సముద్రం ఎప్పుడొస్తుందట! వంటాయన అట్లకాడ పక్కన పెట్టి కడుపు పట్టుకుని నవ్వాడు. "బస్ కా టైమ్ మాలూమ్. సముందర్ కా టైమ్ మాలూమ్ నహీ," అన్నాడు. సముద్రం టైము ఆయనకూ తెలియదట, బస్సు టైమైతే నాలుగున్నరకు. అదే మాకు కావలసిన బస్సు, ఎందుకంటే అది పట్టుకుంటేనే రాత్రి నజ్మా నుంచి అన్న క్యాంపు బండి అందుతుంది. వేయించిన చేప, పరాటా, రెండు కరక్ చాయ్ ఇరవై రియాల్‌లోపే అయ్యాయి. ఇక్కడ తినాలనుకునేవాళ్లు శుక్రవారం పదకొండు లోపే తినేయండి. ఆ తర్వాత నమాజుకు అన్నీ మూసేస్తారు, మళ్లీ ఒంటిగంట దాటితేగాని తెరవరు.

పార్కులో నీడ కింద కూర్చుందామని తిరిగి వస్తే, గేటు పక్కన పెద్ద కారుకు ఆనుకుని ఒకాయన ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతున్నాడు. పేరు రమణ, రాయచోటి దగ్గరి మనిషి, ఒక ఖతారీ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటివాళ్లు పక్క వీధిలో చుట్టాలింటికి వచ్చారట, ఈయన కారు దగ్గర కాపలా. అన్న ఆశగా, "నీళ్లు మల్ల ఎప్పుడొస్తయి తమ్మీ?" అని అడిగాడు. "నాకేం తెల్సునన్నా, మాది రాయచోటి, మాకు నీళ్లే ఉండవు," అన్నాడు రమణ. తర్వాత కాస్త ఆలోచించి, "అయితే ఒకటి సూసినా. మా మేడమ్ పిల్లోళ్లను తోలుకొని ఈడికొచ్చేటప్పుడు టైము రోజుకో తీరుగ సెప్తాది. ఈ పొద్దు మాత్రం అసర్ నమాజు యాళకు బురదలో ఎవురూ ఉండగాకండి అనె. అంటే నీళ్లు అప్పుడొస్తాయేమో," అన్నాడు. అసర్ అంటే ఈ కాలంలో మధ్యాహ్నం రెండున్నర దగ్గర. అప్పటికి వస్తే సరే. ఆలస్యమైతే బస్సు వెళ్లిపోతుంది, అన్న సముద్రం చూడకుండానే మంగళవారం విమానం ఎక్కుతాడు. నేను గడియారం చూడటం మొదలుపెట్టాను.

ఇంతలో ఊరి నుంచి వదిన వీడియో కాల్. పక్కన మా మేనత్త కూడా ఉంది. మాకు ఖతార్ అయినా ఆవిడకు మాత్రం అంతా దుబాయే. "దుబాయ్ సముద్రం సూపియ్యురా లింబాద్రీ," అంది. అన్న ఫోన్ అటు తిప్పాడు. "గిది మన దమ్ము జేసిన పొలం లెక్కనే ఉన్నది గదరా, గీ బురద సూడనీకె గింత దూరం పోయిన్రా?" అంది అత్త. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "వస్తది, ఆగు. పొయ్యింది, వస్తది," అని అన్న ఫోన్ పెట్టేసి, కాసేపు ఆ బురదనే చూశాడు. "అత్త తప్పేమనలే. పొలమే గిది. పా, దిగుదాం," అంటూ బూట్లు విప్పాడు.

ఆ గంటసేపూ నేను జీవితంలో నవ్వనంత నవ్వాను. నేను రెండడుగులు వేయగానే కాలు పిక్కదాకా దిగబడింది. అన్న ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, నాట్లప్పుడు నడిచినట్టు అలవోకగా వెళ్తున్నాడు. "మడమ ముందు లేపాలె. గట్ల గుంజితే చెప్పు పోతది, కాలు పోతది," అని చెయ్యి పట్టుకుని నేర్పించాడు. చిటికెన వేలంత పీతలు మమ్మల్ని చూసి బొరియల్లోకి దూరిపోతున్నాయి. ఒకదాని కోసం అన్న బోర్లా పడుకున్నంత పని చేశాడు. ఇస్త్రీ చొక్కా సంగతి అడక్కండి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అన్న గల్ఫ్ వచ్చేశాడు. తర్వాత సెలవులకు వచ్చినా చుట్టాలు, పనులు, తిరుగు టికెట్టు. మా అన్నకు పీతలు పట్టే సరదా ఉందని ఇరవై అయిదేళ్లకు తెలుసుకున్నాను.

మధ్యాహ్నం నీడలో కూర్చుని, గదిలో రాత్రే చేసి తెచ్చిన జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, పచ్చిపులుసు తిన్నాము. అన్న సంచిలోంచి పాలబిస్కెట్ల పొట్లం తీసి నాకిచ్చాడు. ప్రతి శుక్రవారం తెస్తాడు, నేను ప్రతిసారీ తీసుకుంటాను. ఆ రోజు మాత్రం, "అన్నా, నాకు బిస్కెట్లు ఇష్టం పోయి ఎన్నేండ్లో అయింది," అన్నాను. "మరి చెప్పవా? వందల పొట్లాలు కొన్న గదనే!" అన్నాడు. అక్కడి నుంచి మొదలైంది మాట్లాడటం. క్యాంపులో కొత్తగా వచ్చినప్పుడు వంట తెలియక పప్పులో చక్కెర వేసిన సంగతి, గదిలో ఒకే ఒక కిటికీ పక్క మంచం కోసం నాలుగేళ్లు వేచి చూసిన సంగతి, కడ్డీలు కట్టేటప్పుడు చెయ్యి ఆగకుండా ఉండాలని గుంపంతా పాడుకునే పాట. అన్న పాడతాడని కూడా నాకు తెలియదు. సన్నగా, మెల్లగా పాడి వినిపించాడు. నేను క్లినిక్ కబుర్లు చెప్పాను. ఒకాయన నా వెంటపడి పెళ్లి చేసుకుంటానంటున్నాడని కూడా చెప్పాను. అన్న కోప్పడతాడనుకున్నాను. "మంచోడేనా?" అని మాత్రమే అడిగాడు. తెలియదన్నాను. "తెలిసినంక చెప్పు. నేను ఊర్లున్నా ఫోన్ అయితే ఉంటది గద," అన్నాడు.

అలా మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, ఉన్నట్టుండి అడిగాడు. "చెల్లె, మంగళవారం నేను పోయినంక, శుక్రవారాలు ఏం జేస్తవే నువ్వు?"

ఇంటికి వెళ్తున్నది అన్న, సంతోషపడాల్సింది అన్న. అయినా ఈ మాట మనసులో పెట్టుకుని ఎన్ని రోజులుగా తిరుగుతున్నాడో. నేను మొహం తిప్పుకుని ఆ వెండి గీతను చూశాను. ఎక్కడుందో అక్కడే ఉంది. అసర్ అజాన్ వినబడింది. మూడు కూడా దాటింది. నీళ్లు మాత్రం రాలేదు. "నా మాట ఇని తప్పు జేసినవన్నా, వక్రా పోతే ఈపాటికి మునిగేటోనివి," అన్నాను. "రాకపోతే రాకపోనీ. ఊర్ల మునిగిననే చెప్త. ఎవడొచ్చి చూస్తడు?" అని నా నెత్తిన మొట్టికాయ వేశాడు. కానీ చూపు మాత్రం అటే ఉంది.

ముందు చూసింది రమణ. కారు దగ్గర నుంచి, "అన్నా! మీ బూట్లు!" అని కేకేశాడు. బురద దిగే ముందు విప్పిన బూట్లను అన్న చేత పట్టుకెళ్లి, పీతల వెంటపడేటప్పుడు లోపల ఎక్కడో పెట్టాడు. తిరిగి తెచ్చుకోవడం ఇద్దరమూ మరిచిపోయాము. చూస్తే వాటి చుట్టూ నీళ్లు. అలల్లేవు, చప్పుడు లేదు. కాలవల్లోకి నీరు వదిలినట్టు వంకరటింకరగా, పల్లాలు నింపుకుంటూ, నాలుగు వైపుల నుంచీ వచ్చేస్తున్నాయి. ఒరిగిన పడవ ఒకటి మెల్లగా నిటారుగా లేచింది. "యల్లా, యల్లా! పరిగెత్తన్నా!" అని రమణ చప్పట్లు కొడుతుంటే అన్న ఒక్క పరుగు తీశాడు. బూట్లు దొరికాయి, ఒడ్డుమీదికి విసిరేశాడు, వెనక్కి రాలేదు. నీళ్లు పిక్కల దాకా, మోకాళ్ల దాకా, ఇంకా లోపలికి వెళ్తే తొడల దాకా. అక్కడ ఆగి, ఏదో గుడి ముందు నిలబడ్డట్టు చేతులు జోడించి, ముక్కు మూసుకుని మునిగాడు. లేచాడు. మళ్లీ మునిగాడు. మూడోసారి లేచి, దోసిలితో నీళ్లు సూర్యుడికి వదిలి, రెండు చేతులూ పైకెత్తి ఒక కేక పెట్టాడు. "ఉప్పగున్నదే చెల్లే! నిజంగనే ఉప్పగున్నది!"

నేనూ చుడీదార్‌తోనే దిగాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఒకరి మీద ఒకరు చల్లుకున్నాము. అన్న నీళ్లలో వెల్లకిలా పడుకుని, తేలుతున్నానంటూ మోచేతులు అడుగున ఆనించి నన్ను మోసం చేయబోయాడు. ముప్పై ఏడేళ్ల మనిషి, ఇంట్లో అందరికీ పెద్ద దిక్కు, చిన్నపిల్లాడిలా కేరింతలు కొడుతుంటే నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. అంతా ఉప్పునీళ్లే కాబట్టి ఎవరికీ తెలియలేదు. రమణ మా ఫోన్‌తో ఫొటోలు తీశాడు. సగం ఫొటోల్లో ఆయన వేలే ఉంది.

ఒళ్లు తుడుచుకునే టైము కూడా లేక తడిబట్టలతోనే బస్సుకు పరుగెత్తాము. డ్రైవరు మమ్మల్ని చూసి, "మాఫీ, మాఫీ! సీట్ మాఫీ!" అన్నాడు, సీటు లేదు పొమ్మని. చివరికి బిస్కెట్లు, రొట్టెలు తెచ్చిన ప్లాస్టిక్ సంచులు చింపి సీటు మీద పరిస్తే ఒప్పుకున్నాడు. బాగా చీకటి పడ్డాక నజ్మా చేరాము. క్యాంపు బండి ఎక్కేముందు అన్న, "ఇగ నిమ్మళంగ పోత," అన్నాడు. మంగళవారం వెళ్లిపోయాడు.

ఇదంతా జరిగి మూడు వారాలు. శుక్రవారాలు ఏం చేస్తున్నానంటే, ఆ రోజునే తలుచుకుంటున్నాను. మేము వెళ్లేసరికి ఒడ్డునిండా నీళ్లుండి ఉంటే ఏం జరిగేదో నాకు తెలుసు. అన్న మునిగేవాడు, నేను ఫొటో తీసేదాన్ని, మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చేవాళ్లం. ఆ పాట వినేదాన్ని కాదు, అన్న నన్ను ఆ ప్రశ్న అడిగేవాడూ కాదు. ఇద్దరం ఒకే దేశంలో రెండేళ్లు ఉన్నాం. కలిసి ఉన్నది మాత్రం నీళ్లు లేని ఆ అయిదారు గంటలే.

అల్ రువైస్ వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బయలుదేరే ముందు ఫోన్‌లో ఆ రోజు నీళ్లు నిండే పోటు ఎన్ని గంటలకో చూసుకోండి, దానికి గంట ముందు చేరేలా బస్సెక్కండి, పొడిబట్టలు ఒక జత పెట్టుకోండి. ఒకవేళ మీరు వెళ్లేది చాన్నాళ్లుగా తీరిగ్గా మాట్లాడుకోని అన్నతోనో చెల్లెలితోనో అయితే మాత్రం, నీళ్లు వెనక్కిపోయి ఆటు ఉన్నప్పుడే వెళ్లండి.